సీసం, కాడ్మియం ఉన్న నేలకు బయోచార్: 200 చదరపు మీటర్ల ప్రాజెక్టు డైరీ

స్థలం 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసిన చోటు. సీసం అంతటా ఉంది, దాంతో పాటు కాడ్మియం, జింకు. ఒక మూల కలపకు మందు పట్టించిన తొట్టె ఉండేది కాబట్టి అక్కడ ఆర్సెనిక్ కూడా ఉంది. నేల ఇసుక పాలు ఎక్కువున్న గరప, పీహెచ్ 5.5 దగ్గర. ఆమ్ల గుణం ఉన్న ఇసుక నేల అంటే కాడ్మియం వేర్లకు తేలిగ్గా అందే పరిస్థితి. బయోచార్, అంటే కట్టె, పేడ లాంటివి గాలి సరిగా అందకుండా కాల్చి చేసే బొగ్గు, పనికొచ్చేది కూడా సరిగ్గా ఇలాంటి నేలకే. పీహెచ్ 7.5 దాటిన సున్నపు నేల అయితే ఇంత శ్రమకు ఫలితం చాలా తక్కువ.

బయోచార్ కలిపినంత మాత్రాన మట్టిలోని మొత్తం సీసం ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. తగ్గేది నీళ్లలోకి దిగే భాగం, వేర్లకు అందే భాగం. అందుకే "ఇంత శాతం శుద్ధి అయింది" అనే లెక్కలు ఈ డైరీలో రాయడం లేదు. ఒక నేలలో వచ్చిన శాతం పక్క నేలకే వర్తించదు. కొలతలు, పాళ్లు, పద్ధతి, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నవి మాత్రం ఎక్కడైనా పనికొస్తాయి.

మట్టి నమూనాలు

స్థలాన్ని 5 × 5 మీటర్ల గళ్లుగా విడగొడితే 8 గళ్లు. ఒక్కో గడిలో ఐదు చోట్ల 0–15 సెం.మీ., 15–30 సెం.మీ. లోతుల నుంచి విడివిడిగా మట్టి తీసి, ఏ లోతుది ఆ లోతుతో కలిపితే మొత్తం 16 నమూనాలు. కింది పొర నమూనా దండగ అనిపిస్తుంది గానీ, లోహం కిందికి దిగుతోందా లేదా అని తర్వాత పోల్చుకోవడానికి వేరే ఆధారం ఉండదు.

పనిముట్లు స్టెయిన్‌లెస్ స్టీలువో ప్లాస్టిక్‌వో కావాలి. జింకు పూత ఉన్న తాపీతో తవ్వితే జింకు రీడింగ్ నమ్మడానికి ఉండదు. మట్టిని నీడలో, 40 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టాలి. గడ్డలు నలగ్గొట్టేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది కాబట్టి మాస్కు ఇక్కడి నుంచే మొదలు.

ల్యాబుకు మూడు రకాల పరీక్షలు అడిగాం. ఒకటి, ఆక్వా రీజియాలో (హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం) కరిగించి మొత్తం లోహం. రెండు, 0.01 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లోకి దిగే భాగం: 10 గ్రా. మట్టికి 100 మి.లీ. ద్రావణం, 2 గంటలు ఊపడం, 0.45 మైక్రాన్ ఫిల్టరు. ద్రావణానికి లీటరు నీటిలో 1.47 గ్రా. డైహైడ్రేట్ కాల్షియం క్లోరైడ్ సరిపోతుంది. మూడు, డీటీపీఏ పరీక్ష: 10 గ్రా. మట్టికి 20 మి.లీ., పీహెచ్ 7.3, ఇదీ 2 గంటలే. సూక్ష్మపోషకాల కోసం 1978లో లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు ఖరారు చేసిన పద్ధతి ఇది. డీటీపీఏ లోహాన్ని గట్టిగా పట్టి లాగుతుంది, పైగా తన పీహెచ్‌నే మట్టి మీద రుద్దుతుంది. బయోచార్ వల్ల వచ్చిన మార్పులో పెద్ద భాగం పీహెచ్ మార్పే కాబట్టి అది ఈ పరీక్షలో సగం కనపడకుండా పోతుంది. వేరు దగ్గరి నీటిలో ఏముందో తెలియాలంటే కాల్షియం క్లోరైడ్ రీడింగే చూడాలి. అయితే ఆ ద్రావణంలో కాడ్మియం చాలా పలచగా ఉంటుంది, లోహాలు కొలిచే మామూలు యంత్రం ఫ్లేమ్ ఏఏఎస్‌కు అందదు. అంతకంటే సూక్ష్మంగా కొలిచే గ్రాఫైట్ ఫర్నేస్ గానీ ఐసీపీ-ఎంఎస్ గానీ ఉన్న ల్యాబు చూసుకోవాలి. రిపోర్టులో "కనబడలేదు" అని వస్తే డిటెక్షన్ లిమిట్ (యంత్రం గుర్తించగల కనీస మోతాదు) ఎంతో అడగకుండా సంతోషపడకూడదు.

ప్రతి విడతలో మట్టి కలపని ఒక ఖాళీ ద్రావణం, ఒకే మట్టి నుంచి తీసిన ఒక జంట నమూనా, విలువ ముందే తెలిసిన ఒక ప్రామాణిక మట్టి పంపాలి. ఈ మూడూ లేని రిపోర్టును తర్వాతి రిపోర్టుతో పోల్చలేం.

ఏ లోహానికి ఏ బొగ్గు

ప్రాజెక్టు మొత్తం ఈ నిర్ణయం మీదే నిలబడుతుంది. "బయోచార్" అన్నది ఒక్క పదార్థం కాదు.

బొగ్గు లోహాన్ని పట్టే దారులు నాలుగైదు ఉన్నాయి. బూడిదలోని క్షారం పీహెచ్ పెంచి, లోహాన్ని కార్బొనేటుగా, హైడ్రాక్సైడుగా అడుగుకు దించుతుంది. బొగ్గు మీది కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ గుంపులు లోహ అయాన్లను కట్టిపడేస్తాయి. ఉపరితలం మీదున్న కాల్షియం, పొటాషియం వదిలిపోయి వాటి చోట సీసం, కాడ్మియం కూర్చుంటాయి. ఫాస్ఫేట్ ఉన్న బొగ్గు అయితే ఆ ఫాస్ఫేట్ సీసంతో కలిసి పైరోమార్ఫైట్ అనే, దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది.

350–450 డిగ్రీల దగ్గర కాలిన బొగ్గులో ఆ ఆక్సిజన్ గుంపులు ఎక్కువ. 600 దాటితే గుంపులు పోతాయి, ఉపరితల విస్తీర్ణం, క్షార గుణం పెరుగుతాయి, కార్బన్ ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండూ ఒకే బొగ్గులో రావు.

కట్టె బొగ్గులో బూడిద తక్కువ. పీహెచ్ నెమ్మదిగా పెంచుతుంది, కానీ ఏళ్ల తరబడి ఉంటుంది. ఊక బొగ్గులో మూడో వంతు నుంచి సగం దాకా బూడిదే. అది చూసి సున్నంలా పనిచేస్తుందనుకుంటే పొరపాటు, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, దానికి ఆమ్లాన్ని తగ్గించే గుణం లేదు. పశువుల పేడ బొగ్గులో ఫాస్ఫేట్, కార్బొనేటు రెండూ ఉంటాయి కాబట్టి సీసానికి బాగా పనిచేస్తుంది. కానీ అదే బొగ్గు ఆర్సెనిక్ మూలలో పడితే నష్టం. ఆ సంగతి కిందవస్తుంది.

మా ఎంపిక: ప్రధాన భాగానికి మూడు పాళ్లు కట్టె బొగ్గు, ఒక పాలు పేడ బొగ్గు. ఊక బొగ్గును పోలిక కోసం కుండీల్లో మాత్రం పెట్టాం.

ముడిసరుకులో లోహం ఉంటే బొగ్గులో అది మూడు నాలుగు రెట్లు చిక్కబడుతుంది. బరువు తగ్గుతుంది, లోహంలో చాలా భాగం అక్కడే ఉండిపోతుంది. రంగు వేసిన కలప, మందు పట్టించిన కలప, ఇదే స్థలంలో పెరిగిన మొక్కలు, ఏవీ బట్టీలోకి రాకూడదు. మందు పట్టించిన పాత కలపలో క్రోమియం, రాగి, ఆర్సెనిక్ మూడూ ఉండొచ్చు. యూరోపియన్ బయోచార్ సర్టిఫికెట్ వ్యవసాయ తరగతికి టన్నుకు సీసం 120 గ్రా., కాడ్మియం 1.5 గ్రా. గరిష్ఠ పరిమితిగా పెట్టింది. మన బొగ్గు దానికి చాలా కింద ఉండాలి.

కాల్చడం

కట్టెకు శంకువు ఆకారపు గుంత వాడాం. పైన 1.5 మీ. వ్యాసం, లోతు 90 సెం.మీ., గోడ వాలు దాదాపు 60 డిగ్రీలు, అడుగున 45 సెం.మీ. వ్యాసం. లోపలి ఘనపరిమాణం 0.74 ఘనపు మీటర్లు వస్తుంది. ఐదింట నాలుగు వంతులు నింపితే 0.6 ఘ.మీ. బొగ్గు, ఎండు లెక్కన సుమారు 100 కిలోలు. గుంత శుభ్రమైన నేలలోనే తవ్వాలి. కలుషిత స్థలంలో తవ్వితే గోడ మట్టి రాలి బొగ్గులో కలుస్తుంది, బొగ్గు పరీక్షకు అర్థం ఉండదు. అలాంటి నేల దొరక్కపోతే స్టీలు రేకు శంకువు మేలు. జింకు పూత రేకు మాత్రం వద్దు, వేడికి జింకు పొగ వస్తుంది.

కట్టె తేమ 15–20 శాతం లోపు, మందం 4–5 సెం.మీ. లోపు. అడుగున మంట బాగా రాజుకున్నాక పలచటి పొర వేయాలి. ఆ పొర మీద బూడిద తెల్లగా కనబడటం మొదలవగానే తర్వాతి పొర. కిందున్న బొగ్గుకు గాలి అందకుండా పైన మంటే మూతలా పనిచేస్తుంది, పొగను కూడా అదే కాల్చేస్తుంది. ఈ రకం బట్టీలో వేడి 650–700 డిగ్రీల దాకా వెళ్తుంది. తెల్లటి చిక్కని పొగ లేస్తే కట్టె తడిగా ఉందనో, పొర ఒక్కసారిగా ఎక్కువ వేశారనో అర్థం. పొర ఆలస్యమైతే బొగ్గు బూడిదైపోతుంది. ఎండు కట్టెలో 20–25 శాతం బరువు బొగ్గుగా మిగిలితే పని సరిగ్గా జరిగినట్టు.

ఆర్పడం నీళ్లతో, వీలైతే అడుగు నుంచి పైకి. పైనుంచి పోస్తే లోపల నిప్పు మిగిలిపోతుంది. ఆరిందనుకున్న బొగ్గును పలచగా పరిచి, ఒక రోజు గడిచాక లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఎండు బొగ్గును అప్పుడే సంచుల్లో కట్టేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. 30 శాతం తేమతో ఉంచితే ఆ భయం తగ్గుతుంది, దుమ్మూ లేవదు. ఆర్పిన నీటిలో క్షారం ఉంటుంది. అది పారిపోకుండా బొగ్గులోనే ఇంకనిస్తే పీహెచ్ పెంచే గుణం కొంత మిగులుతుంది.

పేడ బొగ్గుకు ఈ గుంత పనికిరాదు. పేడ పొడి గాలిని ఆపేసి లోలోపల కుములుతుంది. దానికి డ్రమ్ములో డ్రమ్ము: బయట 200 లీటర్లది, లోపల 60 లీటర్లది. లోపలి డ్రమ్ముకు మూత, అడుగున 8 మి.మీ. రంధ్రాలు ఆరు నుంచి ఎనిమిది. రెండు డ్రమ్ముల మధ్య కట్టె మంట. లోపలి నుంచి వచ్చే వాయువు రంధ్రాల దగ్గర అంటుకుని తనే మండుతుంది. ఆ మంట తగ్గి ఆగిపోతే లోపల పని అయినట్టు. రంధ్రాలు లేకుండా మూత బిగించేస్తే డ్రమ్ము పేలే ప్రమాదం ఉంది. పూర్తిగా చల్లారకుండా మూత తీస్తే గాలి తగిలి మొత్తం అంటుకుంటుంది, రాత్రంతా వదిలేయడమే సరైనది. పాత డ్రమ్ము లోపలి రంగును ముందు ఖాళీగా ఒకసారి కాల్చి వదిలించాలి. కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, కనబడదు. షెడ్డు కింద, గోడల మధ్య ఈ పని చేయకూడదు.

ఊకకు మూడో పద్ధతి. నేల మీద చిల్లులు పొడిచిన రేకు గొట్టం నిలబెట్టి, దాని అడుగున నిప్పు చేసి, చుట్టూ ఊక కుప్ప పోయడం. నలుపు బయటికి పాకుతూ వస్తుంది. కుప్ప పైకి నలుపు రాగానే తిరగేసి ఆర్పాలి, బూడిద రంగు వచ్చేదాకా ఆగితే మిగిలేది సిలికా బూడిదే.

బొగ్గు పరీక్ష

చేతి పరీక్ష ముందు. బొగ్గును వేళ్ల మధ్య నలిపి ఒట్టి నీళ్లతో కడిగితే పోవాలి. జిడ్డుగా అంటుకుని సబ్బు అడిగితే తారు మిగిలింది. విరిస్తే లోపల గోధుమ రంగు కనబడితే సగం కాలింది. అలాంటివి ఏరేసి మళ్లీ బట్టీలో వేయాలి.

తర్వాత కొలతలు. 1:20 పాళ్లలో నీళ్లలో కలిపి పీహెచ్, ఈసీ (కరిగిన ఉప్పులను చూపే విద్యుత్ వాహకత). 105 డిగ్రీల దగ్గర తేమ, 550 దగ్గర బూడిద. హైడ్రోజన్, కార్బన్ మోలార్ నిష్పత్తి 0.7 లోపు ఉంటే బొగ్గు బాగా కాలినట్టు, ఎక్కువ కాలం నిలుస్తుందని అంచనా. కార్బొనేటు సమానం అంటే ఈ బొగ్గు ఎంత సున్నానికి సమానమో ఆమ్లంతో టైట్రేషన్ చేసి తేల్చడం. కుండీల్లో పోలిక కోసం సున్నం మాత్రమే వేసిన కంట్రోల్ పెట్టడానికి ఈ అంకె కావాలి. చివరగా బొగ్గులోని లోహాలు.

నలగ్గొట్టడం తడిగా ఉన్నప్పుడే. 5 మి.మీ. జల్లెడలో దిగితే పొలానికి చాలు, కుండీలకు 2 మి.మీ. ఇంకా మెత్తగా చేస్తే లోహాన్ని త్వరగా పడుతుంది, నిజమే. కానీ ఆ మెత్తటి పొడి గాలికి లేస్తుంది, వాననీటితో కొట్టుకుపోతుంది, పోయేటప్పుడు పట్టుకున్న సీసాన్నీ వెంట తీసుకుపోతుంది. ముతక వైపే మొగ్గు చూపడం మంచిది.

మోతాదు

ముందు కప్పుల్లో. ఆరిన మట్టికి 0, 1, 2, 3, 5 శాతం బొగ్గు కలిపి, తడిగా ఉంచి, 1, 3, 7 రోజులకు 1:2.5 పాళ్లలో పీహెచ్ చూడటం. మొదటి రోజు పీహెచ్ ఎప్పుడూ మోసం చేస్తుంది. బూడిదలోని పొటాషియం కార్బొనేటు వెంటనే కరిగి అంకెను పైకి లేపుతుంది, ఆ తర్వాత మట్టిలోని ఆమ్లం దాన్ని మెల్లగా తినేస్తుంది. ఏడో రోజు అంకెనే లెక్కలోకి తీసుకున్నాం. లక్ష్యం 6.5 నుంచి 7. అంతకు మించి పెంచితే జింకు, మాంగనీసు, ఇనుము మొక్కకు అందక ఆకులు పాలిపోతాయి. పైగా మట్టిలోని సేంద్రియ పదార్థం కరిగి నీళ్లలోకి వచ్చి, రాగిని, కొంత సీసాన్ని తనతో కట్టుకుని కదిలిస్తుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనే లెక్క ఇక్కడ చెల్లదు.

2 శాతం దగ్గర లక్ష్యం అందింది. ఒక గడి లెక్క ఇది: 25 చ.మీ. × 0.15 మీ. = 3.75 ఘ.మీ. ఘనపు మీటరుకు 1,300 కిలోలు అనుకుంటే మట్టి 4,875 కిలోలు. 2 శాతం అంటే 97.5 కిలోల ఎండు బొగ్గు. బొగ్గులో 30 శాతం తేమ ఉంది కాబట్టి తూకం 97.5 ÷ 0.7 = 139 కిలోలు. ఈ భాగహారం మరిచి తడి బొగ్గే 97.5 కిలోలు తూచి వేస్తే నిజంగా పడింది 1.4 శాతమే.

ఆర్సెనిక్ మూల గడి వదిలేస్తే 7 గళ్లు, 682 కిలోల ఎండు బొగ్గు. అంతా కట్టెతోనే చేయాలంటే 22 శాతం దిగుబడి లెక్కన 3.1 టన్నుల ఎండు కట్టె కావాలి. ఎకరాల లెక్కలో ఆలోచించే వాళ్లు ముందు ఈ అంకె చూసుకోవాలి: హెక్టారుకు 15 సెం.మీ. లోతుకు 2 శాతం అంటే 39 టన్నులు.

కుండీలు

ఆరు రకాలు, ఒక్కోటి నాలుగు చొప్పున 24 కుండీలు: ఏమీ కలపనిది, సున్నం మాత్రమే, కట్టె బొగ్గు, ఊక బొగ్గు, పేడ బొగ్గు, కట్టె–పేడ మిశ్రమం. కుండీకి 2 కిలోల ఎండు మట్టి, బొగ్గు 40 గ్రా.

సున్నం కుండీ లేని ప్రయోగం పెట్టడం కంటే మానేయడం నయం. బొగ్గు వేసిన కుండీలో పీహెచ్ ఎంతకు చేరిందో సున్నంతో సరిగ్గా అంతకే చేర్చాలి. రెండింట్లో కాడ్మియం ఒకేలా తగ్గితే, బొగ్గు చేసిన పని సున్నం పనే. అప్పుడు సున్నం వేసుకుని ఊరుకోవచ్చు. తేడా ఉంటేనే బొగ్గు ఉపరితలం ఏదో పట్టుకుందని అర్థం. ఇక్కడ జింకు, కాడ్మియం విషయంలో తగ్గుదలలో పెద్ద వాటా పీహెచ్‌దే అని తేలింది. సీసంలో పేడ బొగ్గు, సున్నం కంటే స్పష్టంగా ముందుంది. ఫాస్ఫేట్ ఉన్నచోట అలా రావడం సహజమే. ఊక బొగ్గు పీహెచ్ తక్కువగా పెంచింది కాబట్టి వెనకబడింది.

తేమ మట్టి పట్టగల నీటిలో 65 శాతం. మట్టి కిలోకు 400 గ్రా. నీరు పడుతుందనుకుంటే 2 కిలోలకు 800, అందులో 65 శాతం 520 గ్రా. రోజు విడిచి రోజు కుండీ తూచి తగ్గినంత పోయాలి. బొగ్గు కలిస్తే మట్టి పట్టే నీరు మారుతుంది, కాబట్టి ఒక్కో మిశ్రమానికి విడిగా కొలవాలి. ఇది చేయకపోతే ఒక కుండీ తడిగా, ఒకటి పొడిగా ఉండి, వచ్చిన తేడా బొగ్గుదో నీటిదో తెలియదు. కుండీల చోట్లు వారానికోసారి మార్చాలి.

నాలుగు వారాలు తడిపి ఉంచాకే విత్తనం. పరీక్ష మొక్క పాలకూర, కాడ్మియాన్ని ఆకుల్లోకి బాగా లాగుతుంది కాబట్టి. కొత్త బొగ్గు మట్టిలోని నత్రజనిని కొంత పట్టుకుంటుంది. ఎరువు అన్నింటికీ సమానంగా ఇవ్వకపోతే బొగ్గు కుండీలో మొక్క చిన్నదిగా ఉండి, లోహం దానిలో చిక్కబడి, ఫలితం తలకిందులుగా కనబడుతుంది. ఆకు బరువును కూడా రాసుకోవాలి.

ఆర్సెనిక్ మూల

సీసం, కాడ్మియం ధనావేశం ఉన్న అయాన్లు. ఆర్సెనిక్ నేలలో ఎక్కువగా ఆర్సెనేట్‌గా, రుణావేశంతో ఉంటుంది, ఇనుప ఆక్సైడ్లను అంటిపెట్టుకుని. పీహెచ్ పెంచితే ఆ పట్టు సడలుతుంది. ఫాస్ఫేట్ వేస్తే, అది ఆర్సెనేట్‌కు అచ్చం సవతి లాంటిది, దాన్ని తోసి తను కూర్చుంటుంది. అంటే మిగతా ఏడు గళ్లలో మందుగా వేసిన పేడ బొగ్గు ఈ గడిలో ఆర్సెనిక్‌ను వదిలిస్తుంది. సీసం, ఆర్సెనిక్ రెండూ ఉన్న స్థలాన్ని ఒకే గంపగుత్తగా చూడటం ఈ పనిలో అన్నింటికంటే ప్రమాదకరమైన తప్పు.

ఇక్కడికి ఇనుము పట్టించిన కట్టె బొగ్గు. కిలో ఎండు బొగ్గుకు 50 గ్రా. ఇనుము: హెక్సాహైడ్రేట్ ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఇనుము 20.7 శాతం కాబట్టి 242 గ్రా. దాన్ని ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లలో కరిగించి, బొగ్గు వేసి, ఒక రాత్రి ఉంచి, కలుపుతూ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 6.5–7కు తేవాలి. లెక్క ప్రకారం గరిష్ఠంగా 107 గ్రా. పడుతుంది, బొగ్గులో క్షారం ఉంటే అంతకంటే తక్కువ. ఒక్కసారిగా పోస్తే ఇనుము బొగ్గు మీద కాకుండా నీళ్లలోనే ముద్ద కట్టి తేలుతుంది. ఇనప పాత్ర వాడకూడదు, ఫెర్రిక్ క్లోరైడ్ దాన్ని తినేస్తుంది. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

కడగడం మానకూడదు. కిలో బొగ్గుకు 95 గ్రా. క్లోరైడ్ వచ్చి చేరింది. క్లోరైడ్ కాడ్మియంతో కలిసి కరిగే జంట కడుతుంది, నేలలో దాన్ని కదిలిస్తుంది. కడిగిన నీటి ఈసీ మామూలు నీటి దగ్గరికి వచ్చేదాకా కడగాలి. ఆ ఉప్పునీరు స్థలంలో పారబోయకూడదు.

ఈ గడికి 1 శాతం మోతాదు, అంటే 48.75 కిలోల బొగ్గు, 11.8 కిలోల ఫెర్రిక్ క్లోరైడ్. పరీక్ష ద్రావణం కూడా వేరు: 0.05 మోలార్ అమ్మోనియం సల్ఫేట్, లీటరుకు 6.6 గ్రా. పీహెచ్ 6–6.5 మధ్యే ఆపాలి. అక్కడున్న సీసానికి అది కొంచెం తక్కువ, ఆర్సెనిక్‌కు కొంచెం ఎక్కువ, రాజీ తప్పదు. ఈ గడిలో నీరు నిలవనివ్వకూడదు. నీరు నిలిస్తే ఇనుము రూపం మారి కరుగుతుంది, అది పట్టుకున్న ఆర్సెనిక్ కూడా దాంతో పాటే బయటికి వస్తుంది. కాడ్మియానికి సరిగ్గా వ్యతిరేకం, నీరు నిలిస్తే అది సల్ఫైడుగా మారి కదలకుండా ఉంటుంది.

నేలలో కలపడం

ముందు స్థలం చుట్టూ గట్టు. బొగ్గు నీటి మీద తేలుతుంది. కలపక ముందు వాన పడితే గట్టు లేని స్థలం నుంచి బొగ్గు, దాంతో పాటు పై మట్టి బయటికి పోతాయి. ఏ రోజు పరిచింది ఆ రోజే కలిపేయాలి.

చదరపు మీటరుకు 3.9 కిలోల ఎండు బొగ్గు, 30 శాతం తేమతో 5.6 కిలోలు. తాడుతో మీటరు గళ్లు గీసి, సగం నిలువుగా, సగం అడ్డంగా రెండు విడతల్లో చల్లితే సమంగా పడుతుంది. మట్టి పదును మీద ఉండాలి. పొడిగా ఉంటే దుమ్ము, బురదగా ఉంటే బొగ్గు ముద్దలుగా చుట్టుకుంటుంది. టిల్లర్ రెండు దిక్కులా నడిపాక పారతో నిలువుగా కోత కోసి చూడాలి. నలుపు పై 5–6 సెం.మీ.లోనే ఉంటే టిల్లర్ లోతు దిగలేదు. అప్పుడు అక్కడ మోతాదు మూడు రెట్లు పడినట్టు, కింద సున్నా.

ఎన్95 లేదా అంతకంటే మంచి మాస్కు, స్థలంలోనే వదిలేసే బూట్లు. బూట్లతో బయటికి వెళ్లే సీసం చాలా మంది లెక్కలో ఉండదు.

కంపోస్టు బాగా మాగినదే, అది కూడా ఆర్సెనిక్ గడిలో వద్దు. పచ్చి కంపోస్టు నుంచి కరిగే సేంద్రియ పదార్థం రాగిని, ఆర్సెనిక్‌ను కదిలిస్తుంది.

తర్వాతి కొలతలు

మూడు నెలలకోసారి పీహెచ్, ప్రతి పంట కాలంలో ఒకే దశలో కాల్షియం క్లోరైడ్ పరీక్ష, ఏడాదికోసారి 15–30 సెం.మీ. పొర. పీహెచ్ 0.5 పడితే సున్నం వేయాలి, మళ్లీ బొగ్గు కాల్చక్కర్లేదు. బొగ్గు పట్టుకున్న కాడ్మియంలో చాలా భాగం పీహెచ్ మీద ఆధారపడి ఉంది, నేల మళ్లీ ఆమ్లమైతే మళ్లీ వదులుతుంది. యూరియా, అమ్మోనియం ఎరువులు నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుట్టిస్తాయి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంది, బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్. ఫాస్ఫేట్ ఎరువుల్లో కొన్నింటిలో కాడ్మియమే ఉంటుంది, విశ్లేషణ చూడకుండా కొనకూడదు.

ఆకు నమూనాలను బాగా కడిగి, 60–70 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. ఆకుకూరలకు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి కాడ్మియం కిలోకు 0.2 మి.గ్రా., సీసం 0.3 మి.గ్రా., రెండూ పచ్చి బరువు మీద (సీసం పరిమితి స్పినాచ్ రకం పాలకూరకు వర్తించదు). ల్యాబు ఇచ్చేది ఎండు బరువు మీద. ఆకులో 90 శాతం నీరుంటే ఎండు లెక్కన 2 మి.గ్రా. కాడ్మియం అంటే పచ్చి లెక్కన 0.2, అంటే సరిగ్గా గీత మీద. సీసం రీడింగ్ అనుమానాస్పదంగా ఎక్కువొస్తే అదే నమూనాలో టైటానియం కూడా చూడమనాలి. మొక్క టైటానియాన్ని పెద్దగా పీల్చదు, ఎక్కువుంటే ఆకు మీద అంటిన మట్టిని కొలిచినట్టే.

పిల్లలు ఆడుకునే చోటైతే ఈ పరీక్షలేవీ చాలవు. మట్టి నోట్లోకి వెళ్తే అక్కడ పీహెచ్ 7 కాదు, కడుపులోని ఆమ్లం. సున్నంతో, బూడిదతో కార్బొనేటుగా మారిన సీసం అక్కడ మళ్లీ కరుగుతుంది, పైరోమార్ఫైట్ చాలా వరకు కరగదు. అది అంచనా వేయడానికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతి 1340 ఉంది, అయితే బొగ్గు, ఫాస్ఫేట్ లాంటివి కలిపిన మట్టికి దాన్ని ధ్రువీకరించలేదు: 0.4 మోలార్ గ్లైసిన్, పీహెచ్ 1.5, 37 డిగ్రీలు, గంటసేపు, గ్రాము మట్టికి 100 మి.లీ. దాంట్లో అంకె తగ్గకపోతే బొగ్గు ఎంత వేసినా ఆ స్థలం మీద శుభ్రమైన మట్టి కప్పి గడ్డి పరచాల్సిందే.

ఇంకా చేయాల్సినవి: ఏడు గళ్లలో 1340 పరీక్షకు మట్టి పంపడం, ఆర్సెనిక్ గడి కింది పొరలో అమ్మోనియం సల్ఫేట్ రీడింగ్, గట్టు ఒకచోట తెగింది కాబట్టి ఆ వైపు బయటి మట్టిలో బొగ్గు రేణువుల కోసం చూడటం. పేడ బొగ్గు వేసిన గళ్ల నుంచి దిగే నీటిలో ఫాస్ఫేట్ కూడా కొలవాలి, కింద కుంట ఉంటే అది పాచి పట్టే ప్రమాదం ఉంది. ఈ స్థలంలో కోసిన పాలకూర, వేర్లతో సహా, కంపోస్టు గుంతలోకి గానీ బట్టీలోకి గానీ వెళ్లకుండా మూత ఉన్న డబ్బాలో విడిగా ఉంచాం.